మొదటికే ఎందుకొస్తాది మేడమ్?

రీసెర్చి స్కాలరుకి పాఠం చెప్పే పని ఇస్తే ఒక కోర్సు పూర్తిగా ఇవ్వాలి. మొదటి క్లాసు నుంచి ఆఖరి జవాబు పత్రం దిద్దేదాకా అది ఆ మనిషి చేతిలోనే ఉండాలి. అలా కుదరదంటే అసలు ఇవ్వకపోవడమే మేలు. నేను లెక్కల్లో పీహెచ్‌డీ మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. డిగ్రీ పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టీ నాలుగేళ్ళే అయింది. ఈ రెండిటి మధ్యా నలిగి నేను తేల్చుకున్నది ఇదొక్కటే. "టీచింగ్ తగ్గించుకో, థీసిస్ చూసుకో" అని నాకు సలహా ఇచ్చినవాళ్ళందరూ నా మంచి కోరేవాళ్ళే. కానీ వాళ్ళు గంటలు లెక్కపెడుతున్నారు. ఆ గంటల్లో నాచేత ఏం చేయిస్తున్నారో చూడటం లేదు.

మాది పర్లాకిమిడి. ఒడిశా ప్రభుత్వం బోర్డుల మీద పారలాఖెముండి అని ఉంటుంది, గజపతి జిల్లాకి ముఖ్యపట్టణం. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు పుస్తకాలు, సంతలో అయితే ఎదుటి మనిషి ఏది మాట్లాడితే అది. నా యూనివర్సిటీ ఇక్కణ్ణుంచి నాలుగు గంటల ప్రయాణం. పాఠాలు చెప్పే కాలేజీ ఇంకోవైపు, బస్సులో గంట. ఈ రెండింటి పేర్లూ రాయను. నేను చెప్పబోయేది ఆ రెండు చోట్లకే పరిమితమైన విషయం కాదు.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అది దాచిపెట్టి ఈ చర్చ చేస్తే అబద్ధమవుతుంది. లెక్చరర్ అర్హతకీ, పరిశోధన ఫెలోషిప్‌కీ పెట్టే నెట్ పరీక్షలో నాకు లెక్చరర్ అర్హత వచ్చింది, జేఆర్ఎఫ్ అనే ఆ ఫెలోషిప్ కొద్దిలో తప్పింది. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ళయ్యాక దాని పైమెట్టు ఎస్ఆర్ఎఫ్ కింద 42,000. అది వచ్చినవాళ్ళు ఇంటి అద్దె గురించి ఆలోచించకుండా పుస్తకం ముందు కూర్చోగలరు. రానివాళ్ళు నాలాగే గెస్ట్ ఫ్యాకల్టీగా పీరియడ్ల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన టైములో పరిశోధన చేస్తారు. మా పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతుంది: "ఏటమ్మీ, పిల్లలకి పాఠాలు సెప్తన్నావు కదా, మళ్ళీ నీకీ సదువేటి?" ఆవిడకి ఒకే మనిషి టీచరూ విద్యార్థీ కావడం విచిత్రంగా ఉంటుంది. నాకేమో అది విచిత్రం అనిపించదు. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం పడేలా పనిని పంచిపెట్టడమే విచిత్రం.

మొదటి ఏడాది నాకిచ్చిన పని చెబుతాను. సోమవారం పొద్దున్న కామర్సు పిల్లలకి బిజినెస్ మ్యాథ్స్‌లో ఒక యూనిట్. ఒక్కటంటే ఒక్క యూనిట్, మిగతావి వేరేవాళ్ళు. మంగళవారం సెలవు పెట్టినవాళ్ళ బదులు క్లాసు. అది ఏ సబ్జెక్టో స్టాఫ్ రూములోకి వెళ్ళాక తెలిసేది. బుధవారం ఫస్టియర్ వాళ్ళకి కాల్క్యులస్ ట్యుటోరియల్, పాఠం చెప్పేది ఇంకొకరు. గురువారం ఇన్విజిలేషన్. ఆ తర్వాత నేను చెప్పని పాఠానికి, నేను తయారుచెయ్యని పేపరుకి, నాకు పేర్లు తెలియని పిల్లలు రాసిన జవాబులు దిద్దడం. మధ్యలో ఎవరికో ఫైలు కావాలి, డేటా ఎక్కించాలి. కాగితం మీద చూస్తే వారానికి పన్నెండు పీరియడ్లే. "పన్నెండేనా, హాయిగా ఉంది నీకు" అన్నారు.

పన్నెండు పీరియడ్లు పన్నెండు ముక్కలై ఆరు రోజుల్లో చల్లినట్టు పడితే మిగిలేదేమిటో లెక్కల పరిశోధన చేసేవాళ్ళకి తెలుసు. మా పనికి ల్యాబు అక్కర్లేదు, యంత్రాలు అక్కర్లేదు. ఒక పెన్ను, తెల్ల కాగితాలు, విరగని టైము కావాలి. ఒక నిరూపణలో నిన్న ఎక్కడ ఆగామో గుర్తుతెచ్చుకోవడానికే నలభై నిమిషాలు పడుతుంది. అయిదు గంటలు ఒక్క ముక్కగా దొరికితే నాలుగు గంటలపైన పని. అవే అయిదు గంటలు గంట చొప్పున దొరికితే గుర్తుతెచ్చుకోవడంతోనే సరి. ఆ ఏడాదంతా నా నోటుబుక్కులో ఒకే లెమ్మా, అంటే పెద్ద సిద్ధాంతానికి మెట్టుగా ముందు నిరూపించుకునే చిన్న ఫలితం, మొదటి సగం పదిహేనుసార్లు రాసుంది. రెండో సగం ఒక్కసారీ లేదు.

పోనీ పాఠమైనా బాగా చెప్పానా? లేదు. ఒక యూనిట్ చెప్పి వెళ్ళిపోయే మనిషిని పిల్లలు ప్రశ్నలడగరు. ముందు ఏం చెప్పారో నాకు తెలియదు, తర్వాత ఏం చెబుతారో నాకు సంబంధం లేదు. బోర్డు నింపాను, అటెండెన్సు తీసుకున్నాను, బస్సెక్కాను.

పీహెచ్‌డీ గురించి యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2022లో తెచ్చిన నిబంధనల్లో స్కాలర్లకి వారానికి 4 నుంచి 6 గంటలు బోధనలోనో పరిశోధనలోనో సహాయక పని ఇవ్వవచ్చని ఉంది. ట్యుటోరియళ్ళు, ల్యాబు, మూల్యాంకనం. పరిశోధన చేసేవాళ్ళు పాఠం చెప్పడం కూడా నేర్చుకోవాలన్న ఉద్దేశం మంచిదే, గంటలకి హద్దు పెట్టడం ఇంకా మంచిది. కానీ ఆ జాబితా చూడండి. ఇంకొకరు చెప్పిన పాఠానికి ట్యుటోరియలు, ఇంకొకరు ఇచ్చిన పేపరుకి దిద్దుబాటు. లెక్కల్లో ల్యాబు ఉండేది తక్కువ కాబట్టి చివరికి మా వంతుకి ఆ రెండే మిగులుతాయి. ఇది పాఠం చెప్పడం నేర్పదు. ఎవరో వండిన అన్నం వడ్డించినంతకాలం వంట రాదు.

రెండో ఏడాది సగంలో ఒక మేడమ్ ప్రసూతి సెలవు మీద వెళ్ళారు. మూడో సంవత్సరం పిల్లల నంబర్ థియరీ (పూర్ణసంఖ్యల గుణాల గురించిన లెక్కలు) కోర్సు ఎవరికి ఇవ్వాలో తెలియక నాకిచ్చారు. మొత్తం కోర్సు. సిలబస్ కాగితం చేతికొచ్చిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం కంటే టెన్షనే ఎక్కువ. ఇక తప్పు జరిగితే నాదే.

మొదటి మూడు వారాలు తప్పులే జరిగాయి. ఎమ్మెస్సీలో నాకు చెప్పినట్టే చెప్పాను, అంటే గబగబా చెప్పాను. మొదటి ఇంటర్నల్ పేపర్లు దిద్దుతుంటే ఒక సిద్ధాంతం నిరూపణలో ఒకచోట అందరూ ఒకే వాక్యం రాశారు: "ఇది స్పష్టంగా తెలుస్తుంది." ఒకరిద్దరు కాదు, దాదాపు క్లాసంతా. మొదట కాపీ కొట్టారనుకున్నాను. తర్వాత నా నోట్సు తీసి చూస్తే ఆ వాక్యం నాదే. ఆ మెట్టు ఎందుకు నిజమో క్లాసులో నేను చెప్పలేదు. చెప్పలేదు అనడం కూడా సరికాదు, ఆ రోజుకి నాకే సరిగా తెలియదు. తెలియని చోట "స్పష్టం" అని దాటేశాను. పిల్లలు నా అజ్ఞానాన్ని శ్రద్ధగా బట్టీపట్టి నాకే తిరిగి అప్పజెప్పారు. ఇంకొకరి కోర్సు పేపర్లు దిద్దినన్నాళ్ళూ ఇది నాకు కనబడలేదు. అప్పుడు కీ చూసి మార్కులు వేశాను, అంతే. దిద్దడం చాకిరీ అనుకునేదాన్ని. నేను చెప్పిన పాఠాన్ని నేను దిద్దినప్పుడు అది అద్దంలా పనిచేసింది. అప్పట్నుంచి, థీసిస్ రాసేటప్పుడు కూడా "స్పష్టం" అనే మాట వస్తే పెన్ను ఆగుతుంది.

భాష గురించి కూడా రెండు మాటలు. మా క్లాసులో తెలుగిళ్ళ నుంచి వచ్చి ఒడియా మీడియంలో చదివినవాళ్ళున్నారు, ఒడియా వాళ్ళున్నారు, కొండమీది ఊళ్ళ నుంచి వచ్చే సవర పిల్లలున్నారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఫంక్షన్‌ని "ప్రమేయం" అంటారు. ఒకసారి నేను తెలుగువాళ్ళ కోసం ఆ మాట వాడితే, హిందీలో చదివొచ్చిన అమ్మాయి ఒకతి అయోమయంగా చూసింది. హిందీలో ప్రమేయ్ అంటే సిద్ధాంతం. అంటే నేను ఫంక్షను గురించి మాట్లాడుతుంటే ఆ పిల్ల పదినిమిషాలుగా థీరమ్ కోసం వెతుక్కుంటోంది! ఇలాంటి క్లాసులో పారిభాషిక పదం వెనకాల దాక్కోవడం కుదరదు. లిమిటు నిర్వచనం ఇంగ్లీషులో చదివితే పిల్లలకి ఏది ముందో ఏది తర్వాతో అందదు. అందులో ఎప్సిలాన్ అంటే ఎంత తేడా దాకా ఒప్పుకుంటామో చెప్పే చిన్న సంఖ్య. "నువ్వు ఎంత చిన్న ఎప్సిలాన్ చెప్పినా సరే, చెప్పాక, దానికి తగ్గ చోటు నేను చూపిస్తాను" అని తెలుగులో ఒకసారి, వచ్చీరాని ఒడియాలో ఒకసారి చెప్పాను. ముందు నువ్వు చెప్పాలి, తర్వాత నేను చూపించాలి. ఈ వరస తారుమారైతే అర్థమే మారిపోతుందని వాళ్ళకి తెలిసింది. వరస ఎంత ముఖ్యమో నాకూ అప్పుడే ఒంటికి పట్టింది.

ఇప్పుడు అసలు సంగతి.

నాలుగో వారంలో పిల్లలకి ఒక పొడుపుకథ ఇచ్చాను. ఒక వీధిలో ఇళ్ళకి ఒకటి నుంచి వరసగా నంబర్లున్నాయి. ఒక ఇంటికి ఎడంపక్క ఇళ్ళ నంబర్లన్నీ కలిపినా, కుడిపక్క ఇళ్ళ నంబర్లన్నీ కలిపినా ఒకటే వస్తుంది. ఆ ఇంటి నంబరెంత? ఎనిమిది ఇళ్ళ వీధైతే ఆరో నంబరు ఇల్లు: అటు 1 నుంచి 5 దాకా కలిపితే 15, ఇటు 7, 8 కలిపితే 15. 1914లో కేంబ్రిడ్జిలో మహలనోబిస్ (తర్వాత పేరుపొందిన గణాంక శాస్త్రవేత్త) ఒక పత్రికలో చూసి ఇదే లెక్క రామానుజన్‌కి చదివి వినిపించారు. ఇళ్ళు యాభైకి పైన, అయిదువందల లోపు ఉండాలని షరతు. రామానుజన్ పొయ్యి దగ్గర కూరగాయలు వేయిస్తూ, రాసుకోమని ఒక గొలుసు భిన్నం, అంటే భిన్నం కింద భిన్నంగా సాగేది, చెప్పాడట. అందులో ఒక్క జవాబు కాదు, అన్ని జవాబులూ ఉన్నాయి. అడిగిన జవాబు 204వ నంబరు ఇల్లు, వీధిలో 288 ఇళ్ళు. ఇలాంటి సంఖ్యలకి 1999లో ఎ. బెహరా, జి. కె. పాండా "బ్యాలెన్సింగ్ నంబర్లు" అని పేరుపెట్టి అధ్యయనం మొదలుపెట్టారు. పాండా గారు పనిచేసింది రూర్కెలా ఎన్ఐటీలోనే. అందుకే ఒడిశాలో నంబర్ థియరీ చేసేవాళ్ళలో చాలామంది ఏదో ఒకనాడు ఈ వీధిలో నడుస్తారు. నా థీసిసూ ఈ వీధి చివరే ఉంది.

ఈ సంఖ్యల్ని పుట్టించడం తేలిక. ఇప్పుడున్నదాన్ని ఆరు రెట్లు చేసి, అంతకు ముందుదాన్ని తీసెయ్యాలి. 0, 1, 6, 35, 204, 1189, 6930, 40391. బోర్డు మీద రాసి, చివరి అంకెలు, అంటే పదితో భాగిస్తే వచ్చే శేషాలు, మాత్రమే చూడమన్నాను. 0, 1, 6, 5, 4, 9, మళ్ళీ 0, 1. ఆరడుగులకోసారి మొదటికొస్తోంది. ఎందుకొస్తుందో చెప్పాను: తర్వాతి అంకె తెలియాలంటే ఇప్పటి రెండు అంకెలు చాలు, రెండు అంకెల జతలు మొత్తం 100 మాత్రమే, కాబట్టి నూటొక్క అడుగుల్లో ఏదో ఒక జత మళ్ళీ కనబడక తప్పదు. కనబడిందంటే అక్కణ్ణుంచి పాత దారే. చెప్పేసి డస్టరు తీసుకున్నాను.

కాశీనగర్ వైపు నుంచి వచ్చే కుర్రాడొకడు ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుంటాడు. అప్పటిదాకా నా క్లాసులో నోరు విప్పలేదు. చెయ్యెత్తాడు.

"మేడమ్, తిరిగొస్తాది, సరే. మొదటికే ఎందుకొస్తాది?"

అదే చెప్పాను కదా, జతలు వందే ఉన్నాయి, తిరిగి రాక తప్పదు అన్నాను.

"అది కాదు మేడమ్. పాతపట్నంలో బయల్దేరిన ఆటో టెక్కలి, నౌపడా, టెక్కలి, నౌపడా అని తిరుగుతా ఉండిపోవచ్చు కదా. పాతపట్నం మళ్ళీ రాకండా."

క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు. డస్టరు కింద పెట్టేశాను. వాడు అడిగింది అక్షరాలా సరైన ప్రశ్న. ఏదో ఒక జత మళ్ళీ వస్తుందనే నేను నిరూపించాను. మొదటి జతే మళ్ళీ వస్తుందని నిరూపించలేదు. ఈ వరసకి మాత్రం జవాబుంది. దీన్ని వెనక్కి కూడా నడిపించవచ్చు: ముందుదాన్ని కనుక్కోవాలంటే ఇప్పుడున్నదాన్ని ఆరు రెట్లు చేసి తర్వాతదాన్ని తీసెయ్యడమే. అంటే ప్రతి జతకీ వెనక ఒక్కటే జత ఉంటుంది. ఒక ఊళ్ళోకి రెండు దారులు వచ్చి కలవవు. దారులు కలవకపోతే మధ్యలో సుడి పడదు, తిరిగితే మొదటికే రావాలి. అయిదు నిమిషాల్లో బోర్డు మీద ఇది తేల్చాను. కుర్రాడు తల ఊపి రాసుకున్నాడు. బెల్లు కొట్టారు.

బస్సులో సగం దారిలో ఉండగా నా కడుపులో ఏదో కలుక్కుమంది. నా థీసిస్‌లో రెండో అధ్యాయం ఇలాంటి వరసలన్నిటి గురించి. ఆరు రెట్లే కానక్కర్లేదు, తీసేసేది ఒక్కటే కానక్కర్లేదు, ఏ గుణకాలైనా సరే. అందులో మొదటి లెమ్మా: ఏ సంఖ్యతో భాగించి శేషాలు చూసినా వరస మొదటికే తిరిగొస్తుంది. నిరూపణ ఏమిటి? జతలు పరిమితం కాబట్టి. క్లాసులో చెప్పిన మాటే, అదే ఖాళీతో. సంచిలోంచి జవాబు పత్రం ఒకటి తీసి దాని వెనక రాసుకున్నాను. మూడు రెట్లు చేసి, ముందుదానికి రెండు రెట్లు తీసెయ్యి: 0, 1, 3, 7, 15, 31. నాలుగుతో భాగించి శేషాలు చూడు: 0, 1, 3, 3, 3, 3. మూడు దగ్గర కూర్చుండిపోయింది. సున్నాకి ఇక ఎప్పటికీ రాదు. నా లెమ్మా తప్పు. దాని మీద కట్టిన రెండు సిద్ధాంతాల్లో ఒకటి కూలిపోయింది. రెండోది ఒక షరతు పెడితే నిలిచింది: తీసేసేదాని గుణకానికీ, భాగించే సంఖ్యకీ ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. అలాగైతేనే వెనక్కి నడవడం కుదురుతుంది.

ఆ డ్రాఫ్టు అప్పటికే గైడ్ గారు చూశారు, ఒక సెమినార్‌లో చెప్పాను కూడా, ఎవరూ పట్టుకోలేదు. పంపడానికి సిద్ధంగా ఉన్న పేపరది. అచ్చయ్యాక ఎవరైనా పట్టుకుని ఉంటే? సరిదిద్దడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో ఇంకో ప్రశ్న పుట్టింది. షరతు లేనిచోట వరస మొదటికి రాకపోతే, సుడిలో పడేముందు ఎంత దూరం నడుస్తుంది? ఆ తోక పొడవు ఎంత? ఇప్పుడు అదే నా మూడో అధ్యాయం.

దీన్ని అదృష్టం అనేవాళ్ళున్నారు. యూనివర్సిటీలో నాతోపాటు చదివే స్నేహితురాలు, జేఆర్ఎఫ్ ఉన్న అమ్మాయి, అదే అంది. "ఒక్క కుర్రాడు ఒక్కరోజు మంచి ప్రశ్న అడిగాడని నువ్వు ఏడాదంతా పాఠాలు చెబుతావా? ఆ గంటలన్నీ పరిశోధనకే పెట్టుంటే ఆ తప్పు నువ్వే పట్టుకునేదానివి." ఆలోచించాను. ఏమో, పట్టుకునేదాన్నేమో. కానీ ఏడాదికి పైగా ఆ లెమ్మాని రోజూ చూసి కూడా పట్టుకోలేదు కదా. తెలిసినవాళ్ళ మధ్య తిరిగే తప్పు ఎన్నాళ్ళైనా బతుకుతుంది, ఎందుకంటే అందరం ఆ మెట్టు కళ్ళు మూసుకుని ఎక్కేస్తాం. అది తెలియనివాడి కాలికే తగులుతుంది. ఆ ప్రశ్న మొదటి వారంలో రాలేదన్నది కూడా గమనించాలి. మూడు వారాలు నేను వాళ్ళని చూశాను, వాళ్ళు నన్ను చూశారు. తప్పు చెబితే ఒప్పుకుని మళ్ళీ చెబుతుందని తెలిశాకే ఆ కుర్రాడు చెయ్యెత్తాడు. ఆ లెక్క నేనే ఎంచుకుని నా థీసిస్‌లోంచి తెచ్చింది. బదులు క్లాసుకి వెళ్ళిన టీచరుకి ఇది ఎన్నేళ్ళైనా జరగదు. అదృష్టం రావాలన్నా కూర్చోబెట్టడానికి పీట ఉండాలి.

పర్లాకిమిడి వాళ్ళం ఈ మాట ఇంకొకళ్ళ దగ్గర నేర్చుకోనక్కర్లేదు. గిడుగు రామమూర్తి గారు 1880లో మా ఊరి రాజావారి బళ్ళో టీచరుగా చేరి, సుమారు ముప్పై ఏళ్ళు ఇక్కడే పాఠాలు చెప్పారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం బళ్ళు పెట్టి, వాచకాలు రాశారు. 1931లో సవర భాష మీద ఆయన రాసిన వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వచ్చాయి. పిల్లలకి అర్థం కాని తెలుగులో పాఠం చెప్పడం ఏమిటన్న ప్రశ్న పట్టుకునే ఆయన వాడుక భాష ఉద్యమం దాకా వెళ్ళారు. ఆయన పరిశోధనని ఆయన పాఠం నుంచి విడదీసి చూపించండి చూద్దాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ బాధ మా ఊళ్ళో ఇంకా కథలుగా చెప్పుకుంటారు. నేను మాత్రం ఆయన్ని తలుచుకునేది ఎక్కువగా క్లాసులో, సవర పిల్లలు ముందు బెంచీలో మౌనంగా కూర్చున్నప్పుడు. వాళ్ళ భాషలో ఒక్క మాట కూడా నాకు రాదు. రావాలి.

పూర్తి కోర్సు ఇస్తే పని పెరుగుతుందని నాకు తెలుసు. పీరియడ్ల లెక్కలో నంబర్ థియరీ వారానికి అయిదే, కానీ తయారవడానికి మొదటిసారి ఒక్కో క్లాసుకీ మూడు గంటలు పట్టేది. ఆ సెమిస్టరులో నేను రాసిన పేజీలు తక్కువ. అడ్వైజరీ కమిటీ ముందు ఆరు నెలల ప్రగతి చెప్పినప్పుడు నాకు చూపించడానికి కూలిన లెమ్మా ఒకటే ఉంది. అది చెప్పుకోవడం కష్టంగానే ఉండింది. గడువుకి ఇంకా రెండేళ్ళే ఉంది, ఆ భయం రాత్రుళ్ళు లేపుతుంది. అయినా ఆ సెమిస్టరుని మొదటి ఏడాదితో మార్చుకోమంటే మార్చుకోను. అప్పుడు పన్నెండు పీరియడ్లు చెప్పి ఏమీ రాయలేదు, ఏమీ నేర్పలేదు.

స్కాలర్ల చేతికి కోర్సు అప్పజెబితే పిల్లల చదువు పాడవుతుందని ఒక సీనియర్ లెక్చరర్ అన్నారు. ఆ ఆందోళనని నేను తేలిగ్గా తీసుకోను. నా మొదటి మూడు వారాలూ పిల్లలకి నష్టమే. కానీ ఇప్పుడు మాత్రం వాళ్ళకి పాఠం చెబుతున్నది ఎవరు? మా దగ్గర ఖాళీ పోస్టుల మధ్య, ఒకే కోర్సు నలుగురి చేతులు మారుతుంది, ఆ నలుగురిలో ఇద్దరు నాలాంటి స్కాలర్లే. ముక్కలుగా చెబితే ఎవరూ బాధ్యులు కారు. ఒక్కరికే ఇచ్చి, పక్కన అనుభవమున్న మనిషి నెలకి రెండుసార్లు వెనక బెంచీలో కూర్చుని చూస్తే ఆ మూడు వారాలు ఒక వారమవుతాయి. క్లాసులన్నీ వారంలో మూడు రోజుల్లోనే పడేలా చూస్తే మిగతా రోజులు పరిశోధనకి విరగకుండా మిగులుతాయి. దీనికి కొత్త డబ్బు అక్కర్లేదు, టైమ్‌టేబుల్ వేసేవాళ్ళు ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. దిద్దడాన్ని కూడా పనిగంటల్లో కలిపి డబ్బు ఇవ్వాలి. దానికి డబ్బు కావాలి, నిజమే, అయినా అడుగుతాను.

వచ్చే సెమిస్టరు కోసం ఈ మాటలే ఒక పేజీలో రాసి ఇచ్చాను. ఇంకా జవాబు రాలేదు.

మొన్న రాత్రి ఆ కాశీనగర్ కుర్రాడు వాట్సాప్‌లో ఒక కాగితం ఫోటో పంపాడు. కోర్సు అయిపోయింది, పరీక్షలూ అయిపోయాయి. వాడంతట వాడే కూర్చుని ఇళ్ళ వీధి సంఖ్యలని రకరకాల ప్రధాన సంఖ్యలతో, వాటి వర్గాలతో భాగించి ఎన్నడుగులకి మొదటికొస్తుందో పట్టిక వేశాడు. 3కి 4 అడుగులు, 9కి 12. 5కి 6, 25కి 30. 7కి 3, 49కి 21. 11కి 12, 121కి 132. ప్రతిసారీ ఆ ప్రధాన సంఖ్యతోనే గుణించినట్టు పెరుగుతోంది. కింద ఇంకో వరస, ఎర్ర పెన్నుతో రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాడు: 13కి 14. 169కీ 14.

"మేడమ్, ఆఖరిది మూడుసార్లు సేసేను. 182 రావాల కదా. ఎక్కడ తప్పు సేసేనో సెప్తారా?"

తప్పు లేదు. 40391ని 169 నిశ్శేషంగా భాగిస్తుంది, ఆ ఒక్క కారణంతో 13 మిగతావాటిలా నడవదు. ఇలా నడిచే ప్రధాన సంఖ్యలు 13 కాక 31, 1546463 తెలుసు, ఆపైన దారి చీకటి. ఇదంతా టైపు చేసి, పంపకుండా చెరిపేశాను.

"తప్పు లేదు. 31 చూడు" అని పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. గంటన్నర అయినా జవాబు లేదు. వాడు లెక్క వేస్తున్నాడు.